డ్రైవర్‌ని లెక్కపెట్టకూడదు

"హారన్ కొట్టింది నువ్వేనా?"

"స్టీరింగ్ ముందు నేను కాక ఇంకెవరైనా కనిపిస్తున్నారా?"

వాళ్లిద్దరి మధ్య మొట్టమొదటి మాటలు ఇవి. రెండేళ్ల కిందటి సంగతి. అతను టూరిస్టు వ్యాన్‌లో గైడు, ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు. మైకు పట్టుకుని పాత రేవులో ఓడ మునిగిన కథ చెబుతున్నాడు. కథ మంచి పట్టులో ఉంది, ప్రయాణికులు ఊపిరి బిగబట్టి వింటున్నారు. సరిగ్గా అప్పుడే డ్రైవరమ్మాయి హారన్ కొట్టింది. రోడ్డుకి మేక అడ్డం వచ్చిందట. ఓడ మునిగిందో తేలిందో ఇక ఎవరికీ పట్టలేదు. అందరూ మేకను చూడటానికి కిటికీల వైపు ఎగబడ్డారు.

ఆ రోజు నుంచి ఆమె అతన్ని 'మైకు' అంది. అతను ఆమెను 'కెప్టెన్' అన్నాడు. వెక్కిరింపుగా పెట్టుకున్న పేర్లు రోజులు గడిచేకొద్దీ మెత్తబడ్డాయి. అలా మెత్తబడ్డ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టే తిరిగారు. మనుషులు ఇలాంటి విషయాల్లో చూపించే ఓపిక ఇంకెందులోనూ చూపించరు.

పని పెద్ద కష్టమైనదేం కాదు. పొద్దున్నే పన్నెండు మందిని ఎక్కించుకోవాలి. సముద్రం వెంబడి మూడు ఊళ్లు చూపించాలి. సాయంత్రానికి ఎవరి గుమ్మం దగ్గర వాళ్లను దింపాలి. ప్రతి ఊళ్లోనూ బయల్దేరే ముందు అతను డ్రైవర్ సీటుకు వీపు పెట్టి నిలబడి, వేలు చూపిస్తూ తలలు లెక్కపెడతాడు. డ్రైవర్ అతని వెనక ఉంటుంది కాబట్టి ఆ లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. పన్నెండు అయ్యాక "అందరూ ఉన్నారు" అంటాడు. ఆ మాట చెవిన పడేదాకా ఆమె బండి కదిలించదు.

రెండేళ్లు అలా గడిచాక ఒక రోజు, మొదటి ఊళ్లో జనం చేపల వేలం చూడటానికి దిగి వెళ్లారు. ఆమె ముందు అద్దం తుడుస్తూ, అతని వైపు చూడకుండానే అంది.

"నీకో మాట చెప్పాలి మైకూ."

"చెప్పు కెప్టెన్."

"సిటీ బస్సుల్లో నాకు ఉద్యోగం వచ్చింది. పర్మనెంట్. రేపు పొద్దున్నే రైలు."

చెప్పాల్సిన మాటలు అతని దగ్గర చాలా ఉన్నాయి. రెండేళ్లుగా పోగేసుకున్నవి.

"కంగ్రాట్స్. పార్టీ ఎప్పుడు మరి?" అన్నాడు. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు.

ఆమె గుడ్డ పిండి, బానెట్ మీద పరిచింది. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మాట్లాడతావు. ఎప్పుడో మునిగిపోయిన ఓడల గురించి కూడా మాట్లాడతావు. సరే, పోనీలే. జనం వస్తున్నారు, డోర్ తియ్యి."

సాయంత్రం లోపు చెప్పాలి, లేకపోతే ఇక లేదు. అతనికి ఆ రోజు తెలిసిందల్లా ఇదొక్కటే.  

మూడో వరసలో కిటికీ పక్కన ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చున్నాడు. నలభై ఏళ్లు కళ్లజోళ్ల షాపు నడిపానని ఎక్కేటప్పుడే చెప్పుకున్నాడు. చెవిలో వినికిడి మిషన్. పక్క సీట్లో గొడుగు, దాని మీద టోపీ. గైడు పక్కగా వెళ్తుంటే చొక్కా అంచు పట్టుకుని ఆపాడు.

"బాబూ, నీకు దూరపు చూపు బానే ఉంది. అల్లంత దూరాన ఉన్న ద్వీపాలన్నీ చూపించేస్తున్నావు. దగ్గరివే సరిగ్గా ఆనుతున్నట్టు లేదు."

"కళ్లు బాగానే ఉన్నాయి తాతగారూ."

"కళ్ల గురించి కాదులే," అని ఆయన డ్రైవర్ సీటు వైపు చూసి నవ్వాడు.

రెండో ఊరు లైట్‌హౌస్‌ది. ఒడ్డు నుంచి నీళ్ల మధ్యకి సన్నటి రాతి దారి, దాని చివర బండ మీద తెల్లటి లైట్‌హౌస్. దీపం ఇప్పుడు దానంతటదే వెలుగుతుంది, కాపలా మనిషి కూడా లేడు. అతను మైకులో రెండుసార్లు చెప్పాడు. "మూడున్నరకల్లా అందరూ వ్యాన్ దగ్గరుండాలి. ఆ తర్వాత సముద్రం పోటెత్తుతుంది, దారి మునిగిపోతుంది."

మూడు దాటగానే వాన పట్టుకుంది. ముందు నాలుగు చినుకులు తమాషాగా పడ్డాయి. ఆ వెంటనే కుండపోత. జనం చెప్పులు చేత్తో పట్టుకుని, నవ్వుకుంటూ, అరుచుకుంటూ వ్యాన్‌లోకి దూరారు. వెనక వరసలో ఒకావిడకి కడుపులో తిప్పి వాంతయింది. కెప్టెన్ తన సీటు వదిలి వెనక్కి వెళ్లి, ఆవిడ పక్కనే కూర్చుని నీళ్లు పట్టించి, వీపు నిమురుతోంది.

అతను తడిసి ముద్దై ఎక్కాడు. ఎప్పటిలాగే డ్రైవర్ సీటుకు వీపు పెట్టి నిలబడి, వేలు చూపిస్తూ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. కొందరు తువ్వాళ్లతో తలలు తుడుచుకుంటున్నారు, కొందరు వంగి చెప్పులు వెతుక్కుంటున్నారు. వేలు చివరి వరస దాకా వచ్చేసరికి కెప్టెన్ తలెత్తింది. తడి జుట్టు చెంపకి అంటుకుని ఉంది. అతన్నే చూసింది. అతని వేలు ఆమె దగ్గర ఒక్క క్షణం నిలిచింది.

పన్నెండు.

"అందరూ ఉన్నారు," అన్నాడు.

ఆమె ఏదో అనబోయినట్టు పెదవులు కదిపింది. అనలేదు. ముందుకొచ్చి కూర్చుని, హారన్ కొట్టి బండి స్టార్ట్ చేసింది.

మూడో ఊళ్లో కొండ మీద టీ కొట్టు ఉంది. సాయంత్రం పూట అక్కణ్ణుంచి సముద్రం చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. అతను ధైర్యమంతా ఆ టీ కొట్టు కోసమే దాచుకున్నాడు. పన్నెండు గ్లాసులు చెప్పి, ట్రే పట్టుకుని ఒక్కొక్కరికే ఇస్తూ వెళ్లాడు. చివరికి ట్రేలో ఒక గ్లాసు మిగిలింది.

"ఇంకా ఎవరు తీసుకోలేదు?"

అందరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి. అతను వ్యాన్‌లోకి పరిగెత్తాడు. మూడో వరసలో కిటికీ పక్కన గొడుగు మాత్రం ఉంది.

ట్రే కింద పడిన చప్పుడుకి కెప్టెన్ తిరిగి చూసింది. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె ఆ గొడుగు వైపు ఒక్కసారి చూసింది. "ఎక్కండి, అందరూ ఎక్కండి, తొందరగా!" అని అరుస్తూ తాళం తిప్పింది.

అరగంట దారి. వైపర్లు కొట్టుకుంటున్నాయి. పెద్దాయన ఫోన్ స్విచాఫ్. లైట్‌హౌస్ ఒడ్డున చిన్న కొట్టు ఉంది, ఆ కొట్టువాడికి చేస్తే రింగవుతోంది, ఎత్తట్లేదు. వాన పడితే వాడు కొట్టు కట్టేసి వెళ్లిపోతాడని ఇద్దరికీ తెలుసు.

"ముసలాయన్ని వదిలేసి రావడమేంటయ్యా? గాడిదలు కాస్తున్నావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"తప్పు నాదేనండి," అన్నాడు. మళ్లీ కొట్టువాడి నంబరు నొక్కాడు.  కెప్టెన్ బండి వేగం ఇంకాస్త పెంచింది.

రాతి దారి కనిపించట్లేదు. అది ఎక్కడుందో ఊహించుకోవాలంతే. అవతల లైట్‌హౌస్ మెట్ల మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన పాదాల కింది మెట్టు దాకా నీళ్లొచ్చాయి.

అతను చెప్పులు విడిచాడు.

"ఆగు!" కెప్టెన్ అతని చెయ్యి పట్టుకుంది. రెండేళ్లలో ఆమె అతన్ని తాకడం అదే మొదటిసారి. డిక్కీలోంచి బండి లాగే తాడు తీసింది. ఒక కొస వ్యాన్ కొక్కేనికి, రెండోది అతని నడుముకి కట్టింది. రెండు ముళ్లు వేసి గట్టిగా లాగి చూసింది. 

"జారితే లాగేస్తాను. భయపడకు."

"భయంగానే ఉంది కెప్టెన్."

"నాకూ. వెళ్లు."

నీళ్లు మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చాయి. కాలితో రాయిని తడుముకుంటూ వెళ్లాడు. ఒడ్డున పదకొండు మందీ వానలోనే తాడు పట్టుకుని నిలబడ్డారు. వాంతైన ఆవిడ కూడా దిగింది.

"తాతగారూ, పిలవలేదేం? హారన్ వినపడలేదా?"

పెద్దాయన చెవిలో మిషన్ లేదు. గాలికి ఒకటే గోల పెడుతోందని తీసి జేబులో పెట్టుకున్నాడట. అతను నోటితో అడిగింది చేతులతో మళ్లీ అడిగాడు.

"వెనక్కి తిరిగి చూసేసరికి బండి మలుపు తిరుగుతోంది," అన్నాడాయన. చలికి గడ్డం వణుకుతోంది. "అరవబుద్ధి కాలేదు బాబూ. మా ఆవిడ పోయాక నేను లేననే సంగతి కనిపెట్టేవాళ్లెవరని అనిపించింది. కాసేపయ్యాక భయమేసింది. అప్పుడు అరిచాను. అప్పటికి ఎవరూ లేరు."

అతను ఆ ముసలి చేతిని మెడ చుట్టూ వేసుకున్నాడు. ఇద్దరూ ఏడుస్తున్నారు. వానలో అది ఎవరికీ కనిపించలేదు. ఒడ్డున వాళ్లు తాడు లాగుతుంటే, అతను ఆయన్ని మోసుకుని ఒడ్డెక్కాడు.

తిరుగు దారిలో పెద్దాయనకి అందరి తువ్వాళ్లూ చుట్టబెట్టారు. అతను ముందు ఆఫీసుకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఓనరు అవతల నుంచి అరిచింది వ్యాన్‌లో అందరికీ వినపడింది. రేపటి నుంచి రావద్దన్నాడు. ఫోన్ పెట్టేశాక వెనక వరసావిడ అడిగింది.

"అసలు లెక్క ఎలా తప్పావు నాయనా?"

పొరపాటైంది అనేసి ఊరుకోవచ్చు. అతను సీట్ల మధ్యకొచ్చి నిలబడ్డాడు. మైకు తీసుకోలేదు.

"డ్రైవర్‌ని కూడా కలిపేశానండి."

"పొద్దున కలపనివాడివి అప్పుడెందుకు కలిపావు?"

"తను రేపు వెళ్లిపోతోంది. పొద్దుట్నుంచి నా తలలో తను తప్ప ఇంకెవరూ లేరు. తాతగారికి అలా జరిగింది అందువల్లే. నాకు క్షమాపణ అడిగే మొహం కూడా లేదు."

 ముందు సీట్లో కెప్టెన్ గేరు మార్చి రోడ్డు చూస్తూ నడిపింది. ఒక్కొక్కరే వాళ్ల వాళ్ల గుమ్మాల దగ్గర దిగిపోయారు. దిగేవాళ్లు అతని భుజం తట్టారు. ఒకరిద్దరు తట్టలేదు, వాళ్ల తప్పేం లేదు.

చివరికి పెద్దాయన మిగిలాడు. చిన్న వీధి, పచ్చ గేటు, లోపల లైటు లేని ఇల్లు. అతను పెద్దాయన్ని పట్టుకుని దింపాడు. కెప్టెన్ ఇంజను ఆపి దిగివచ్చి గేటుకి అడ్డంగా నిలబడింది.

"తాతగారూ, తప్పు ఇతనొక్కడిదే కాదు. నన్ను లెక్కపెట్టడం నేను చూశాను."

అతను ఉలిక్కిపడ్డాడు.

"చూసి ఊరుకున్నాను," అంది.  "తమాషాకి చేశాడనుకున్నాను. పన్నెండు మందీ అయిపోయాక, కావాలనే నా మీద వేలు ఆపాడనుకున్నాను. నాకు... బాగుందనిపించింది. చెప్పేస్తే అది పోతుందని నోరు మూసుకున్నాను. నేను ఒక్క మాట అని ఉంటే మీరు ఆ మెట్ల మీద ఉండేవారు కాదు."

పెద్దాయన చెవిలో మిషన్ సర్దుకున్నాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది?

"మా ఆవిడ ఉంటే మీ ఇద్దర్నీ చెడామడా తిట్టేది," అన్నాడు చివరికి. "తిట్టడం అయ్యాక, పెళ్లెప్పుడు అని అడిగేది. నాకు తిట్టడం చేతకాదు. అందుకని రెండోదే అడుగుతున్నాను."

కెప్టెన్ కళ్లు తుడుచుకుంది. "ముందు ఇతను నన్ను అడగాలి కదా తాతగారూ."

అతను అడిగాడు. వీధిలో ఎవరో కిటికీ తీశారు, అయినా ఆపలేదు.

"నువ్వంటే నాకు ప్రేమ. ఆ మేక అడ్డం వచ్చినప్పటి నుంచి. నువ్వు రైలెక్కడం మానొద్దు. నేనే వస్తాను. అక్కడ ఏదో ఒక పని చూసుకుంటాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"ఉద్యోగం పోయిన గంటకే అడుగుతున్నావు. మా నాన్నకి ఏం చెప్పాలి?"

"నేను చెబుతానమ్మా," అన్నాడు పెద్దాయన. "సముద్రంలో దిగి నన్ను మోసుకొచ్చాడని చెబుతాను."

"దానికి ముందు అక్కడ వదిలేశామని కూడా చెప్పాలి తాతగారూ."

"అదీ చెబుతాను. ఏదీ దాచను. వరసగా చెబుతాను."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. పెద్దాయన చేతిలోంచి తాళంచెవి తీసుకుని గేటు తీసింది. "ముందు లోపలికి పదండి, మీ బట్టలు మార్చాలి," అంది. తర్వాత అతని వైపు తిరిగి, "ఊఁ," అంది.

అతను రెండు మెట్లెక్కి లోపల లైటు వేశాడు.