శుభమస్తు ఆపిన ఉత్తరం

గవర్నర్‌పేటలో పెళ్ళికార్డుల షాపు నడిపే రామతులసితో పెళ్ళి మాట ఎత్తాలంటే ఎవరికైనా హడలే. అచ్చుతప్పులు పట్టీ పట్టీ ఆ పిల్లకి మనుషుల్లో కూడా తప్పులే కనిపిస్తాయని తల్లి కనకలక్ష్మి బెంగ. అలాంటి రామతులసి నెలరోజులుగా ఒక్క మెయిల్ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోందంటే నమ్మండి.

పంపుతానన్నది కిరీటి. ఉండేది పటమటలో, మైలవరం వైపు ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. షాపు పేరుతో మెయిల్ అడ్రసు పెట్టి, దానికొచ్చే ఉత్తరాలన్నీ తన సొంత సర్వర్ మీదుగా తులసి మెయిల్‌బాక్సుకి చేరేలా ఏర్పాటు చేసిందీ అతనే. పనైపోయాక కూడా ఏదో వంకతో వస్తూనే ఉండేవాడు. ఒక వానరోజు గొడుగు తెరుస్తూ, ఎదురుగా చెప్పలేనని, షాపు అడ్రసుకి మెయిల్ పెడతానని చెప్పి వెళ్ళిపోయాడు.

మెయిల్ రాలేదు. మనిషీ రాలేదు. రాని ఉత్తరం ఏమైందని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? మనసు మార్చుకున్నాడనుకుంది. తిట్టుకుంటూనే రోజుకి పదిసార్లు ఇన్‌బాక్స్ తెరిచి చూసుకుంది.

ఇంతలో కార్డులు వేయించుకున్న ఫిలిప్ గారొచ్చారు. చర్చిలో కూతురి పెళ్ళి పదిన్నరకి కాదు, పదకొండున్నరకి అని రెండు మెయిళ్ళు పెట్టారట. కార్డుల్లో పాత టైమే పడింది. తులసి కొత్తగా అచ్చేసిస్తానని ఒప్పుకుని, కిరీటికి ఫోన్ చేసి, నెలరోజుల కోపమూ ఆ వంక మీద తీర్చుకుంది.

అతను తడుస్తూనే వచ్చాడు. తల తుడుచుకోకుండా లాప్‌టాప్ తెరిచాడు. కాసేపటికి అతని ముఖం పాలిపోయింది.

కొన్ని ఉత్తరాలు తులసి మెయిల్‌బాక్సు ఉన్న కంపెనీ గడప దగ్గరే ఆగిపోయాయట. తన ఉత్తరాలు ఏ సర్వర్లు మోస్తాయో ప్రతి సంస్థా ముందే జాబితా వేసి లోకానికి చాటుతుంది, ఉత్తరం మీద కంటికి కనబడని ముద్ర కూడా వేస్తుంది. కిరీటి సర్వర్ ఫిలిప్ గారి ఉత్తరం మోసుకెళ్ళి, ఆ ఇంటి మనిషినే అన్నట్టు నిలబడింది. జాబితాలో దాని పేరు లేదు. పోనీ ముద్ర చూద్దామంటే అదీ పగిలి ఉంది. అందుకే పొమ్మన్నారు. పేరూ ముద్రా రెండూ తప్పితే తీసుకోవద్దని గట్టి కట్టుబాటు పెట్టుకున్నవాళ్ళ ఉత్తరాలే అలా ఆగాయి. మిగతావి వస్తూండబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"ముద్ర ఎవరు పగలగొట్టారు?"

"నేనేనండీ," అన్నాడు కిరీటి తలదించుకుని.

వాళ్ళ నాయనమ్మ బుల్లెమ్మ నాలుగు మూలలా పసుపు రాయనిదే శుభలేఖని గడప దాటనివ్వదు. ఆ అలవాటు కొద్దీ తన సర్వర్ దాటే ప్రతి ఉత్తరం అడుగునా 'శుభమస్తు' అని చేరేలా పెట్టాడు. ఒక్క అక్షరం పెరిగినా ముద్ర చెల్లదు.

"ప్రతి అక్షరం చూస్తారా?"

"ప్రతి అక్షరం. రెప్పపాటులో."

తులసికి ఒళ్ళు జలదరించింది. ఒక్క కార్డు దిద్దడానికి తను వేలు పెట్టి మూడుసార్లు చదువుతుంది. లోకంలో అందరి ఉత్తరాలూ అలా చదివి, మాట మారలేదని సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా?

తర్వాత మెల్లగా అంది. "అమ్మకి ఒంట్లో బాగోకపోతే, బొట్టు పెట్టి పిలవడానికి పిన్నిని పంపుతుందండీ. పిన్ని వెళ్ళి తనే కనకలక్ష్మినని చెప్పదు కదా. నేను ఫలానా, కనకలక్ష్మి తరఫున వచ్చానంటుంది. పిలుపులో ఒక్క మాట కూడా మార్చదు."

కిరీటి గబుక్కున లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. చెయ్యాల్సిన పని సరిగ్గా అదే. పైకవరు మీద తన సర్వర్ పేరే పెట్టాడు, లోపలి ఉత్తరం జోలికి పోలేదు, శుభమస్తు తీసేశాడు. ఆగిపోయిన ఉత్తరాల అసలు ప్రతులన్నీ సర్వర్‌లో ఒక మూల భద్రంగానే ఉన్నాయి. వాటిని మళ్ళీ పంపబోతూ ఆగాడు.

"ఇందులో ఒకటి నాదండీ. కాలేజీ అడ్రసు నుంచి పెట్టాను. వద్దంటే ఆపేస్తాను."

"నా పేరున వచ్చిన ఉత్తరం ఆపడానికి మీరెవరు?"

ఉత్తరాలు కదిలాయి. ఏ దేశపు గడపలు తొక్కాయో, ఎవరెవరు ముద్రలు చూసి సరేనన్నారో, గుటక వేసేలోపు ఆమె చేతిలో ఫోన్ ఒకటే మోత. ఇద్దరూ ఫోన్ మీదికి వంగి చూశారు. ఫిలిప్ గారివి రెండు. చివరికి అది.

'తులసిగారూ, మీ షాపులో రోజూ ఎవరెవరి పేర్లో పక్కపక్కన అచ్చవుతాయి. మన పేర్లూ అలా చూడాలని ఉంది. జవాబు రాకపోతే ఇష్టం లేదనుకుని ఇటు రావడం మానేస్తాను.'

తులసి కళ్ళు నిండాయి. నెలరోజులూ ఆ మనిషి తన మౌనాన్నే జవాబనుకుని బతికాడన్నమాట.

"జవాబు మెయిల్‌లో పంపనండీ," అంది ముక్కు తుడుచుకుంటూ. "మీ సర్వర్ మీద నాకింకా నమ్మకం కుదర్లేదు."

ఆ ఆదివారం పొద్దున్నే కనకలక్ష్మి కుంకుమ భరిణె పట్టుకుని పటమట వెళ్ళింది. తలుపు తీసిన బుల్లెమ్మకి బొట్టు పెట్టి, "కనకలక్ష్మినండీ. మా తులసి తరఫున వచ్చాను. మీ అబ్బాయంటే తనకి ఇష్టమట. మాట తనదే, మోసుకొచ్చింది నేను," అంది.

వెనక గుమ్మంలో కిరీటి కొయ్యబారిపోయాడు. బుల్లెమ్మ వాడివంక ఒకసారి చూసి, కనకలక్ష్మి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తూ అంది.

"శుభమస్తు."