నాలుగు సంఖ్యల తాళం

నాలుగోసారి కూడా తాళం తెరుచుకోలేదు.

"ఏటమ్మా, నువ్వు చేసిన తాళం నీకే రాదేటి?" అన్నాడు లిఖితతో పంపుల ఆపరేటర్ సన్యాసిరావు. కిటికీ కింద దిగువపేట వీధుల్లో సముద్రం మోకాళ్లు దాటింది. సైరన్ మోగుతోంది. జనమంతా బడి మేడ మీదకి ఎక్కేశారు. అతని భార్య పైడమ్మ కూడా అక్కడే ఉంది.

ఆ నగరంలో పంపుల్ని నడిపేవి పాత ఎనిమిది బిట్ల కంప్యూటర్లు. కొత్త యంత్రాలన్నీ వైరస్‌లకు బలయ్యాక, నెట్‌వర్క్ ఎరగని ఈ ముసలి యంత్రాలనే నమ్ముకున్నారు. వాటికి అదనంగా తగిలించే ఎక్స్‌పాన్షన్ కార్డు తయారుచేసింది లిఖిత. కార్డులో రిజిస్టర్లు, అంటే చిన్న గూళ్లు ఉంటాయి. గూట్లో వేసిన సంఖ్యను బట్టి పంపు వేగం మారుతుంది. పాత ప్రోగ్రాములు పొరపాటున అక్కడేదైనా రాస్తే మోటార్లు కాలిపోతాయి. అందుకే తాళం: నాలుగు సంఖ్యలు వరసగా పడితేనే గూళ్లు తెరుచుకుంటాయి. పంపుకి సంబంధం లేని సంఖ్య ఎప్పుడు పడినా వెంటనే మూసుకుంటాయి. పొరపాటున తెరుచుకునే అవకాశం నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్లలో ఒకటి. ఆ లెక్క తేలిన రోజున లిఖితకి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

"సైరన్‌ని దేనికి కలిపారు?" అంది హఠాత్తుగా.

"నీ కార్డుకే. మిగతా సాకెట్లు తుప్పట్టాయి, దీన్లో ఒకటి ఖాళీగా కనబడింది."

లిఖితకి అర్థమైంది. మోగినంతసేపూ సైరన్ ఆ కార్డు మీద వేరే సంఖ్యలు రాస్తూనే ఉంటుంది, తాళం మూసుకుంటూనే ఉంటుంది.

"సైరన్ ఆపాలి. పంపులు తిరిగినంతసేపూ మోగకూడదు."

"ఆపీమ్మా! నీళ్లు తోడేస్తే సైరనెందుకు?"

ఆపింది. నాలుగు సంఖ్యలూ కొట్టింది. తాళం తెరుచుకుంది. పంపులు గర్జించాయి.

"నీళ్లు ఇంకో మూడడుగులు పెరిగాకే తగ్గడం మొదలవుతుంది," అంది లెక్కగట్టి. "మేడ మీదవాళ్లకి భయం లేదు."

సన్యాసిరావు ఫోను మోగింది. పైడమ్మ.

"సైరన్ ఆగిందిగా, అందరం దిగిపోనాం. పిల్లల్ని ఎత్తుకుని నడుస్తన్నాం. ఏటయ్యా, నీళ్లింకా నడుం దాకా ఉన్నాయేటి?"

"ఎక్కండే! ఎనక్కి ఎక్కీండి!"

అవతల నీటి చప్పుడు. లైను తెగిపోయింది.

"మోగించమ్మా!"

"మోగిస్తే పంపులు ఆగిపోతాయి, సన్యాసిరావు గారూ. పంపులు ఆగితే మేడ కూడా..."

"మోగించు!"

సైరన్ అరిచింది. పంపులు ఒక్కొక్కటిగా నిలిచిపోయాయి. కింద జనం ఒకరినొకరు లాక్కుంటూ మేడ మెట్లవైపు మళ్లారు. వాళ్ల వెనకే నీళ్లు కింది అంతస్తు కిటికీలను అందుకుంటున్నాయి.

లిఖిత చెయ్యి మళ్లీ స్విచ్ మీదకి వెళ్లింది. సన్యాసిరావు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ఆపితే మళ్లీ దిగిపోతారు."