సున్నాకి రావాల్సిన ముల్లు

మరదలు అతన్ని ‘ముల్లు బావ’ అనేది. గులాబీకి ముల్లున్నట్టు మా అక్కకి నువ్వు, అని వివరణ కూడా ఇచ్చేది. అతనికి పాత క్రోనోగ్రాఫ్ గడియారాలంటే ప్రాణం. నొక్కితే పరిగెత్తి, మళ్లీ నొక్కితే ఆగే ముల్లు అదనంగా ఉండే చేతి గడియారాలవి. ఏ ముల్లు ఎప్పుడు సన్నబడింది, ఏ అంకె ఎందుకు లావెక్కింది అంటూ వాటి వంశవృక్షాలు తవ్వేవాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం తెలీదు.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి గదిలో దీపం వేసుకోవాల్సొచ్చింది. తడిసిన గోడల వాసన. బల్ల మీద కొత్తగా తెచ్చిన పాత గడియారం. చనిపోయిన ఓ డాక్టరుది. పొద్దున్నే ఆయన భార్య అమ్మింది. నాడి చూడటానికి చేసిన రకం. పై బటన్ నొక్కి, నాడి పదిహేనుసార్లు కొట్టుకోగానే మళ్లీ నొక్కితే, ముల్లు ఆగిన చోట నిమిషానికి ఎంతో రాసుంటుంది. కింది బటన్ నొక్కితే ముల్లు సున్నాకి వచ్చేస్తుంది.

ఈ రకంతో అతనికో చిక్కుంది. ఏ క్రోనోగ్రాఫ్‌ని ఫొటో తీసినా ముల్లుని సున్నా మీద పెట్టే తీస్తారు. ఈ రకానివి దొరికిన పాత ఫొటోల్లో మాత్రం ముల్లు ఏదో ఒక అంకె దగ్గర ఆగి ఉంది. సున్నా మీద ఒక్కటీ లేదు. ఎందుకో తెలిస్తే తప్ప అతనికి నిద్ర పట్టేలా లేదు.

డాక్టరు భార్య ఇచ్చినప్పుడు ముల్లు డెబ్భై రెండు దగ్గరుంది. ఆయన చివరిసారి చూసిన తన నాడి అదేనంది. ఇంటికి రాగానే, చెయ్యి ఊరుకుంటుందా, సున్నాకి తెచ్చేశాడు. “ముల్లు సున్నాకి రావాలి. అదీ గడియారం ఆరోగ్యం” అన్నది అతని ఊతపదం. తర్వాత భార్య మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. ఎనభై.

“పెళ్లయ్యాక అక్క చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలా బావా?” అంది మరదలు.

“దానికీ గడియారం కావాల్సొచ్చింది,” అంటూ భార్య టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఆ చిక్కేదో అడిగేద్దామని అతను డాక్టరు భార్యకి ఫోన్ చేశాడు. కోడలు ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది.

“మీరెళ్లిన కాసేపటికే అత్తయ్య చల్లబడిపోయారండీ. వీధి చివరి డాక్టరొచ్చి నాడి లేదన్నాడు.”

“అయ్యో...”

“కానీ... లోపల మాట్లాడుతూనే ఉన్నారు. మేం ఆ గదిలోకి వెళ్లట్లేదు.” గొంతు ఇంకా తగ్గించింది. “ముల్లు ఎందుకు కదిపాడో కనుక్కోమంటున్నారు.”

అతని చెయ్యి దానంతటదే కిందికి దిగింది. ఫోను బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

గడియారం మరదలి చేతిలో ఉంది.

“బావా, నీ ముల్లు ఎనభై దగ్గరే ఇరుక్కుంది. సున్నాకి రావాలి కదా?” బొటనవేలు కింది బటన్ మీద ఆడుతోంది.

ఒక్క మాట చాలు. వద్దు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగింది... ఇన్నాళ్ల చిక్కుకి జవాబు ఆ బొటనవేలి కింద ఉంది. నొక్కేది తను కాదు కదా. ఊరికే చూస్తే చాలు.

చూశాడు.

టిక్.

వంటింట్లో చెంచా చప్పుడు ఆగింది.

...మళ్లీ మొదలైంది. నెమ్మదిగా.

భార్య టీ కప్పుతో వచ్చింది. టీ మీద పొగ లేదు. కప్పు ఇంకా బల్ల మీద పెట్టకముందే అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చల్లగా ఉంది. వేళ్లు జరిపి వెతికాడు. ఇంకాస్త పైన. ఇంకాస్త లోతుగా.

ఏమీ లేదు.

“ఎంతుందండీ?” అంది నవ్వుతూ. అతని చెవి దగ్గరికి వంగింది. ఊపిరి తగల్లేదు. “మీరు వద్దనలేదు.”

చెల్లెలి చేతిలోంచి గడియారం తీసుకుంది. అతని మణికట్టు ఒడిసి పట్టింది. పై బటన్ నొక్కింది.

“ఒకటి... రెండు...”

“గట్టిగా పట్టుకో అక్కా, పారిపోతాడు,” అని మరదలు పగలబడి నవ్వింది.

అతను గుంజుకున్నాడు. చెయ్యి రాలేదు. “...పదిహేను.” ముల్లు ఆగింది.

“సున్నాకి రావాలి కదండీ.” ఆమె బొటనవేలు కింది బటన్ మీదికి జారింది.

మరదలి నవ్వు ఆగిన సందులో, అతను కట్ చెయ్యడం మర్చిపోయిన ఫోన్లోంచి ఓ ముసలి గొంతు ముద్దుగా వినిపించింది.

“ఇంకా చూస్తావేం... నొక్కమ్మా.”