ఎనిమిదింటికి రాజన్న టేపు

"ఆగు రత్నమన్నా! ఆగు!"

ఆగడు.

ఏసురత్నం పరిగెడుతున్నాడు. గద్వాల నేతగాళ్ల వీధి. చీకటి పడింది. స్తంభాల మీది బల్బులు ఎప్పుడో మాడిపోయాయి. చంకలో ఇనుప పెట్టె. పక్కటెముకలకు కొట్టుకుంటోంది.

వెనక టార్చి వెలుగు. రెండు జతల అడుగుల చప్పుడు.

ఒకటి రాజన్నది. అరుస్తున్నదీ వాడే.

రెండోది... కళావతిది!

ఆమె తన వెంట రావాలని ఎన్నాళ్లు కోరుకున్నాడు! వచ్చింది. ఇట్లా... దొంగ వెంట పడ్డట్టు!

నిజమే. తను దొంగే. ఇప్పుడే రాజన్న కేబుల్ స్టేషన్‌లోంచి ఆ పెట్టెను ఎత్తుకొచ్చాడు.

దాని పేరు కన్వర్టర్. రాజన్న బొంబాయిలో కొన్న కెమెరాది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. మన టీవీలన్నీ పాల్ పద్ధతివి. ఆ కెమెరా టేపును నేరుగా వేస్తే రంగు పోతుంది. బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది. మనిషో మానో తెలియదు. ఈ పెట్టె ఆ సిగ్నల్‌ను విప్పి, మళ్లీ పాల్‌లోకి మార్చి ఇస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... మూడు ఊళ్లకూ కలిపి ఇలాంటిది ఒక్కటే ఉంది.

అదీ రాజన్న దగ్గరే!

అన్నీ రాజన్న దగ్గరే! వాడికి సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పింది ఎవరు? ఏసురత్నం! బొమ్మను ఊరి వైర్లలోకి పంపే మాడ్యులేటర్ అంటే ఏంటో చెప్పింది ఎవరు? ఏసురత్నం! నేర్చుకున్నాడు. పక్క వీధిలోనే సొంత స్టేషన్ పెట్టాడు. సగం ఊరు వాడి వైరుకు మారింది. తన ఛానెల్‌లో వార్తలు చదివే కళావతీ మారింది. వచ్చే నెల వాళ్లిద్దరి పెళ్లి.

ఇవాళ మధ్యాహ్నం వాడి ఛానెల్‌లో ఆమె గొంతే.

"ఇయ్యాల ఎనిమిదింటికి... అచ్చంపేట అడవిల ఫారెస్టు గార్డు ఎల్లన్నను కాల్చి సంపిందెవరో మీ కండ్లతోని సూడుండ్రి!"

ఊరంతా అదే మాట. రాజన్న తీసిండట! రాజన్న పట్టిండట!

రాజన్న... రాజన్న... రాజన్న!

ఏసురత్నం అన్నం ముట్టలేదు. అప్పుడే వచ్చాడు ధర్మయ్య. కొత్తకోటలో లారీలున్న ఆసామి. ఏసురత్నం స్టేషన్‌కు పెట్టుబడి పెట్టింది అతనే.

"గా పెట్టె లేకుంటే వాని టేపు దేనికి పనికొస్తది? ఎత్తుకరా. రేపటి సంది ఊరంత మల్ల నీ దిక్కే సూస్తది." ఆగి, నవ్వాడు. "కళావతి గూడ."

ఆ చివరి మాట చాలింది.

కాలికి ఏదో తగిలింది!

నేతకు పడుగు దారాలు సాగదీసే గుంజ! ఏసురత్నం బోర్లా పడ్డాడు. పెట్టె బండమీద ఖంగుమంది. లేచేలోపు కాలర్ పట్టుకుంది ఒక చెయ్యి.

తిరిగి బలంగా గుద్దాడు.

రాజన్న పెదవి చిట్లింది. తిరిగి కొట్టలేదు.

"ఇంకో రెండు కొట్టన్నా. పడ్త. గానీ పెట్టె ఇయ్యి."

"ఇస్తే? ఊరందరి ముందట హీరోవైతవా?"

"హీరో ఎవనికి గావాలె? ఎల్లన్న పెండ్లాం అనంతమ్మ టీవీ ముందట కూసొని ఉన్నది. ఆమెకు మాటిచ్చిన."

"ఎవడు సంపిండు?"

రాజన్న రక్తం తుడుచుకున్నాడు. "నేను జెప్తే నువ్వు నమ్మవు. నా పేరు ఇంటెనే నీకు మంట. నువ్వే ఏసి సూడు."

చొక్కాలోంచి క్యాసెట్ తీశాడు. చెయ్యి చాచాడు.

ధన్!

రాజన్న కళ్లు పెద్దవయ్యాయి. మోకాళ్ల మీద కూలబడ్డాడు. కడుపు దగ్గర చొక్కా తడుస్తోంది!

కళావతి కేక! తలుపులు తెరుచుకున్నాయి. ఇళ్లలోని దీపాల వెలుగు వీధిలో పడింది. మగ్గాల గుంతల్లోంచి లేచి ఉరికొచ్చారు జనం. సందు చివర ఎవరో పరిగెత్తి పోయిన చప్పుడు.

నేతగాడు మాసయ్య ఆటోను పిలిచాడు. నలుగురు పట్టి రాజన్నను ఎక్కించారు. "దవాఖానకు! జల్ది పోనియ్! ఠాణాకు గూడ మనిషిని తోలుండ్రి!"

కళావతి ఆటో ఎక్కబోయింది. రాజన్న ఆమె చేతిలో క్యాసెట్ పెట్టాడు.

"నువ్వు రాకు... ఎనిమిదింటికి... మాటిచ్చినం..."

ఆటో వెళ్లిపోయింది.

ఏసురత్నం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్క క్షణం... ఒక్కటంటే ఒక్క క్షణం... గుండె తేలికైంది. రాజన్న ఇక ఉండడేమో!

మరుక్షణమే తల గోడకు కొట్టుకున్నాడు. తన మనసేనా అది?

కళావతి ఎదురుగా నిలబడింది. ఏడవడం లేదు. చీర మీద రక్తం.

"రత్నమన్నా, నీ స్టేషన్‌కు నడువు. కాల్చినోడు మా స్టేషన్ దిక్కే ఉరికిండు."

మునుపు సార్ అనేది. ఇప్పుడు అన్నా! ఆ పిలుపు ఎక్కడో లోపల గుచ్చుకుంది.

పెట్టె ఎత్తుకున్నాడు. నడిచాడు.

కోట పక్క మేడమీది గది. వీసీఆర్, రెండు మానిటర్లు, మాడ్యులేటర్. ఏసురత్నం వీసీఆర్ ఏ దేశపు టేపైనా చదువుతుంది. ఇంతకాలం లేనిదల్లా ఈ పెట్టే.

వైర్లు కలిపాడు. ప్లే నొక్కాడు.

బూడిదరంగు గీతలు. బొమ్మ గిరగిరా దొర్లుతోంది!

"ఏమైంది?" కళావతి మానిటర్ మీదికి వంగింది.

"కిందపడ్డది గద..."

మూత విప్పాడు. లోపల సిగ్నల్‌ను పాల్‌లోకి మార్చే ఎన్‌కోడర్ కార్డు సాకెట్‌లోంచి లేచి ఉంది. వేలితో నొక్కాడు. టక్!

బొమ్మ ఆగింది. కానీ రంగు లేదు. మసక.

"లైన్ల ఎయ్యి! టైమైంది! అనంతమ్మను నీ వైరున్న ఇంట్ల కూసోవెట్టమని మాసయ్యకు జెప్పిన!"

"మొహాలు ఆనుతలేవు. రంగు రానియ్."

"నీ చేతుల పడ్డంక రాకుంట వోతదా? ముందు లైన్ల ఎయ్యి!"

ఎన్ని రోజులైంది ఆమె నోట తన గురించి ఒక మంచి మాట విని!

టేపు మొదటికి తిప్పాడు. మాడ్యులేటర్ స్విచ్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. సగం ఊరు... ఇప్పుడు తన వైరు మీద!

తెరమీద మొదట అక్షరాలు.

కెమెరా: రాజన్న.

ఏసురత్నం చెయ్యి మళ్లీ స్విచ్ దగ్గరికి పోయింది. ఒక్క నొక్కు నొక్కితే ఆ పేరు ఎవరికీ కనబడదు. ఎవరడుగుతారు?

కళావతి చూస్తోంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పేరు తెరమీద నిలబడింది. ఎంతసేపు నిలబడిందో! తర్వాత పోయింది.

అడవి. దూరం నుంచి, పొదల చాటు నుంచి తీసినట్టుంది. లారీ. దాని మీద టేకు దుంగలు. ముందు ఖాకీ బట్టల మనిషి. ఎల్లన్న! రెండు చేతులూ చాచి లారీకి అడ్డంగా నిలబడ్డాడు.

అతని ఎదుట ఒక మనిషి. వీపు మాత్రమే కనబడుతోంది.

ఏసురత్నం స్క్రూడ్రైవర్‌తో పెట్టెలోని చిన్న మరను తిప్పాడు. ఆకులు ఊదారంగుకు తిరిగాయి. ఇంకొంచెం... ఎర్రబడ్డాయి. ఇంకొంచెం...

పచ్చ!

తెరమీద పొగ. ఎల్లన్న పడిపోయాడు.

కాల్చినవాడు లారీ వైపు తిరిగాడు. కెమెరా అతన్ని దగ్గరికి లాక్కుంది; ముఖం తెరనిండా. స్పష్టంగా. రంగుల్లో.

ఏసురత్నం చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది.

ధర్మయ్య!

"టేపు ఆపు."

గుమ్మం దగ్గరి నుంచి గొంతు. తెరమీది ముఖమే. చేతిలో తుపాకీ. ఈ గది రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఏసురత్నానికి అప్పుడు గుర్తొచ్చింది.

"మంచి పని జేసినవ్ రత్నం. పెట్టె దెచ్చినవ్. టేపు దెచ్చినవ్. పిల్లను గూడ దెచ్చినవ్."

"రాజన్నను కాల్చింది..."

"నేనే. వాడు స్టేషన్ల నలుగురి మధ్యన ఉంటడు. బైటికి రావాలె. నువ్వు పెట్టెతోని ఉరికితే నీ ఎన్క ఉరుకుతడని నాకెరుకే." ధర్మయ్య నవ్వాడు. "నీ మంట నాకు అక్కరకొచ్చింది."

ఏసురత్నం ముందుకు అడుగు వేయబోయాడు. తుపాకీ లేచింది.

"ఇప్పుడేమైంది? టేపు సూసింది మనం ముగ్గురం. పోలీసులు రాకముందే దీన్ని కాలవెడ్దం. గీ పిల్ల సంగతి నేను జూస్త. ఊరంత నీ ఛానెలే. ఏమంటవ్?"

ఏసురత్నం ఎర్ర దీపం వైపు చూశాడు.

"ముగ్గురం గాదు ధర్మయ్యా."

"ఏంది?"

"సగం ఊరు సూసింది. లైన్ల ఉన్నది."

కింద వీధిలో ఒక్కసారిగా హోరు! తలుపులు. అరుపులు. "ధర్మయ్య! ధర్మయ్య గాడే!" మెట్ల మీద అడుగులు... పది, ఇరవై, లెక్కలేనన్ని!

ధర్మయ్య ముఖం నల్లబడింది. తెరను చూశాడు. దీపాన్ని చూశాడు. కళావతిని చూశాడు.

"దీని కోసమే గద నన్ను ముంచినవ్?" పళ్లు పటపటలాడాయి. "నీకూ దక్కొద్దు!"

తుపాకీ ఆమె వైపు తిరిగింది.

కళావతి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి.

"రాజన్నా..."

ఆఖరి మాట కూడా ఆ పేరే!

ఏసురత్నం గుండె భగ్గుమంది. ఉన్నచోట ఉంటే చాలు. ఎవరూ ఏమీ అనరు. రాజన్నకు దక్కదు. ఎప్పటికీ దక్కదు!

ధర్మయ్య వేలు బిగుసుకుంది.

ఏసురత్నం ఆమెకు అడ్డంగా దూకాడు.

ధన్!!

గుండు అతని ఛాతీలోనే ఆగింది; కళావతి దాకా పోలేదు.