పుంగనూరు గురువారాలు

“నాలుగా? ఆ పిల్ల అంత బాగా చెప్తే నాలుగు మార్కులా మేడం?”

“మీరేమో ఎనిమిదేసినారు. నవ్వినదానికి గూడా మార్కులుండాయా సార్?”

మునిశేఖర్, భవ్య మొదటిసారి మాట్లాడుకున్న మాటలివి. అతను మదనపల్లెలో, ఆమె కుప్పంలో ఫార్మసీ కాలేజీ లెక్చరర్లు. క్లాసులో పాఠం చెప్పడం ఇద్దరికీ వచ్చు. రోగికి మందు వాడే తీరు వివరించే విద్యార్థిని పక్కనే నిలబడి గమనించి, సరిగ్గా మార్కులు వేయడం మాత్రం నేర్చుకోవాలి. అందుకే ప్రతి గురువారం పుంగనూరు ఆసుపత్రిలో శిక్షణ. ఒకే విద్యార్థికి ఇద్దరూ విడివిడిగా పదికి మార్కులు వేయాలి. అవి ఒకే అంకెగా కలిసేదాకా శిక్షణ సాగుతుంది. కలిశాయా, ఎవరి ఊళ్లో వాళ్లు పరీక్షలు పెట్టుకోవచ్చు.

మొదట్లో ఆమె పేరెత్తితేనే మునిశేఖర్‌కి ఒళ్లు మంట. టీ కొట్టు దగ్గర కూడా వాదనే.

“మీరు పిల్లోళ్లను చెడగొడతాండారు సార్.”

“మీరు బయపెడతాండారు మేడం.”

ఒక గురువారం వాన పట్టుకుంది. ఒకే గొడుగు కింద బస్టాండు దాకా వాదించుకుంటూ నడిచారు. భవ్య చెంపకు తడిసిన వెంట్రుక ఒకటి అంటుకుంది. ఆ తర్వాత తను ఏం వాదించాడో అతనికే తెలియదు.

అప్పట్నుంచీ బెంగే. వారానికి గురువారం ఒక్కటే ఎందుకుంటుందో పాపం! సోమవారం క్లాసులో ఆమె గొంతు వినిపించేది. బుధవారం అన్నం సహించేది కాదు. పైగా ఇంకో ఘోరం. మార్కులు దగ్గరవుతున్నాయి. ఆమె కాస్త మెత్తబడింది, ఇతను కాస్త గట్టిపడ్డాడు.

“ఈ తూరి కలిసినాయంటే మీకు ఈడ పనైపోయినట్టే,” అంది శిక్షణ ఇచ్చే వసంతమ్మ మేడం, వరమిస్తున్నట్టు.

ఆ రోజు కీర్తి అనే విద్యార్థిని, ఆయాసంతో వచ్చిన నల్లప్పకు ఇన్‌హేలర్ వాడకం చెప్పింది. అంతా చెప్పింది గానీ, మందు పీల్చాక కాసేపు ఊపిరి బిగబట్టాలన్న ముఖ్యమైన మాట మరిచింది. న్యాయంగా అయితే ఆరు. భవ్య ఆరే వేస్తుంది, అనుమానం లేదు. మునిశేఖర్ గుండె రాయి చేసుకుని తొమ్మిది వేశాడు. కలవకపోతే ఇంకో గురువారం దొరుకుతుంది కదా!

వసంతమ్మ ఇద్దరి మార్కులూ చూసి చప్పట్లు కొట్టింది. “తొమ్మిదికి తొమ్మిది! కలిసిపోయినాయే!”

మునిశేఖర్ అదిరిపడి భవ్యను చూశాడు. ఆమె ముఖం ఎర్రబడింది. తలెత్తలేదు.

ఇంతలో నల్లప్ప మందు పీల్చి, వెంటనే బుస్సుమని వదిలేశాడు. “ఇంతేనా అమ్మా? ఇంటికాడ గూడా ఇట్లే చేస్తా.”

నిజం చెబితే కావాలని వేసిన దొంగ మార్కు బయటపడి పరువు పోతుంది. చెప్పకపోతే ఆ మనిషికి మందు ఒంటబట్టదు. మునిశేఖర్ గొంతు సవరించుకున్నాడు.

“ఆగప్పా. మేడం, నేనేసింది తప్పు. ఆరే రావల్ల.”

“నాది గూడా ఆరే మేడం,” అంది భవ్య.

“అట్లయితే తొమ్మిది యాల ఏసినారు?”

వసంతమ్మ వాళ్లను ఎగాదిగా చూసి నవ్వు ఆపుకుంది. భవ్య కీర్తిని పిలిచి మరిచిన సంగతి చెప్పింది. కీర్తి నల్లప్ప చేత మళ్లీ సరిగ్గా చేయించింది.

“ఆరుకి ఆరు. ఇంక మీరు ఈడికి రానక్కర్లేదు,” అంది వసంతమ్మ.

బస్టాండులో కుప్పం బస్సు సిద్ధంగా ఉంది. భవ్య ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

“తొమ్మిది యాల ఏసినారు?” కింద నుంచి అడిగాడు మునిశేఖర్.

“మీరు ఆరేస్తారని. మీరో?”

“మీరు ఆరేస్తారనే.”

నవ్వాలనుకున్నారు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. కండక్టరు విజిలేశాడు.

“భవ్యా, మీరు లేకుంటే నాకు వారం గడవదు. మిమ్మల్ని పెండ్లి చేసుకోవల్లని ఉండాది. వచ్చే గురువారం కుప్పం వచ్చి మీ నాయన్ను అడిగేదా?”

బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తొంగిచూసింది. కళ్ల నిండా నీళ్లు.

“ఆదివారమే రాండి. గురువారం దాకా నా వల్ల కాదు.”