జనరల్ గోడకెక్కాల్సిన నాణెం

“ఇది పేలే బాంబు కాదు యార్కో, వినే చెవి,” అంది గూఢచారి శాఖ పెద్ద హన్నెలె వూరెల, కాఫీ కప్పు పక్కన ఒక ఫోటో పడేసి.

యార్కో రౌతియో ఫోటో తీసి చూశాడు. వెండి నాణెం. ఒకవైపు సింహం, రెండోవైపు కర్ర ఎత్తి అరుస్తున్న ఐస్ హాకీ ఆటగాడు. స్వీడన్‌ను ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన సంబరానికి వేసింది. ఫిన్లాండ్ ఫిన్లాండంతా దీనికోసం క్యూ కట్టింది. యార్కో తల్లి కూడా నిలబడింది. హాకీ అంటే ఏమిటో ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

“దీనికొక నకలు తయారైంది, దాన్లో మైక్రోఫోన్ ఉంది. ఇవాళ మధ్యాహ్నం తాంపెరె ఐస్ హాల్లో నాణేల సంఘంవాళ్ళు అన్నిటికంటే ముందు ముద్రించిన నాణేన్ని జనరల్ ఉల్విలకి బహూకరిస్తున్నారు. ఆయనకి హాకీ పిచ్చి. తిన్నగా తీసుకెళ్ళి వార్ రూమ్ గోడకి తగిలిస్తాడు. మన సరిహద్దు గస్తీ ఏ దారిన వెళ్తుందో నకలు చేయించిన విదేశీ ముఠా కూర్చున్నచోటే వింటుంది.”

యార్కో కప్పు కింద పెట్టేశాడు. ఆ గస్తీలోనే అతని తమ్ముడున్నాడు. పోయిన చలికాలం ఒక్క దారి బయటికి పొక్కితే ఇద్దరు కుర్రాళ్ళు శవాలై తిరిగొచ్చారు.

“సభ ఆపించేస్తే, మేడమ్?”

“ముఠా జారుకుంటుంది. నాణెం మార్చేవాణ్ణి చేతిలో సరుకుతో పట్టుకో. సంఘం సెక్రటరీ సిర్కా లిండ్రూస్ మన మనిషే. చాలా అందగత్తె. నోరు వెళ్ళబెట్టకు.”

“నేనా మేడమ్?”

“నువ్వే.”

తాంపెరెలో దిగేసరికి యార్కో నాణేల వ్యాపారి. అంటించిన మీసం, కళ్ళజోడు, చేతికి గడియారంలాంటి రేడియో. ఐస్ హాల్ వాకిట్లో ఎర్రకోటు వేసుకుని నిలబడింది సిర్కా.

“ఈ ఏడు ఐసు గట్టిగా ఉందా?” కోడ్ చెప్పాడు.

“స్కేటింగ్ చేసేవాణ్ణి బట్టి.” నవ్వింది. గొంతు తగ్గించింది. “నాణెం మార్చేవాడు ఆటగాళ్ళ సౌనాకి వస్తాడు. నువ్వు ముందే వెళ్ళి కూర్చో. సౌనాలో ఉన్నవాణ్ణి ఎవరనుమానిస్తారు?”

ఆ మాట నిజమే. ఆ ఆవిరిస్నానపు చెక్కగది బయట బట్టలూ పిస్తోలూ కొక్కేనికి తగిలించాడు. రేడియో కూడా విప్పాడు. ఆ వేడిలో ఒంటిమీద లోహం ఉంటే వాత తేలుతుంది. సౌనాలో చర్చిలో ఉన్నట్టుండాలని ఇక్కడ ప్రతి అమ్మమ్మా చెబుతుంది. అక్కడ అబద్ధమాడరు, దెబ్బలాడరు, తలుపుకి గడియే పెట్టరు. ఈ దేశంలో పుట్టినవాడికి సౌనాలో ద్రోహం జరుగుతుందని కలలో కూడా తోచదు. గూఢచారికైనా తోచాలి కదా! తోచలేదు.

ఎవరూ రాలేదు. వేడి మాత్రం పెరుగుతూ వచ్చింది. జిగురు కరిగి మీసం గడ్డం మీదికి జారింది. ఇక చాలనుకుని తలుపు తోశాడు. కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. ఊహూఁ.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే ఎర్రకోటు కనిపించింది. బయట పిడిలో హాకీ కర్ర అడ్డంగా దూర్చి ఉంది.

“సిర్కా! తలుపు తియ్!”

“తియ్యడానికా పెట్టింది? వచ్చేవాడంటూ ఎవడూ లేడు నాయనా. నాణెం నేనే మార్చేశా.”

“నువ్వు ఈ దేశంలోనే పుట్టావా? సౌనాలోనా ఈ పని?”

“అందుకేగా నిన్ను ఇక్కడ కూర్చోబెట్టా! బుద్ధిగా రేడియో విప్పేస్తావని తెలుసు. ఇంట్లో బాగా పెంచారు.” అతని బట్టల మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అరిచాడు. పైన బ్యాండు మేళం మొదలైంది, ఆ అరుపు ఎవరి చెవినా పడలేదు. కాలే రాళ్ళ మీద నీళ్ళు చల్లే గరిటె పిడితో తలుపు సందు పెకలించబోతే పిడి పుటుక్కున విరిగింది. ముక్కులోకి వెళ్ళే గాలి మండుతోంది. వేడి పైకే పోతుందని తెలిసినవాడు కనుక బల్ల కింద బోర్లా పడుకుని, నీళ్ళు పోయే తూముకి నోరు ఆనించాడు. అతనికి భయమేసింది, చెప్పుకోలేనంత భయం. తను పోతే పోయె, తమ్ముడు రేపు ఏ దారిన నడుస్తాడో వాళ్ళకి తెలిసిపోతుంది!

బకెట్‌లో దోసెడు నీళ్ళు మిగిలాయి. నాలుక పిడచగట్టుకుపోయింది. తాగేద్దామని వంగినవాడు ఆగిపోయాడు. తలుపు అద్దం పాతకాలపు మామూలు గాజు. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిబొట్టు పడితే ఏమవుతుందో తెలియనిదెవరికి?

ఆ దోసెడూ అద్దం మీద కొట్టాడు. టప్పున బీటవారింది. చేతికి తువ్వాలు చుట్టి గుద్దాడు. పగిలిన సందులోంచి చెయ్యి జొనిపి కర్ర లాగేశాడు.

బట్టల్లేవు. తువ్వాలు నడుముకి చుట్టుకుని, కర్ర పట్టుకుని పరుగెత్తాడు. వరండాలో ఇద్దరు పెద్దావిడలు తప్పుకుని దారిచ్చారు. కాపలావాడు మర్యాదగా పైకప్పు చూశాడు. సౌనాలోంచి వచ్చేవాణ్ణి నిలదీయడం ఇక్కడి పద్ధతి కాదు.

ఐసు మీద ఎర్ర తివాచీ. బ్యాండు ఆగింది. సిర్కా మఖమల్ పళ్ళెం చాచింది. జనరల్ నాణెం అందుకోబోయాడు.

“ముట్టుకోకండి సార్!”

కర్రతో పళ్ళేన్ని కింది నుంచి ఎగరేశాడు. నాణెం ఐసు మీద పడి జర్రున జారింది. యార్కో ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి దాన్ని కొట్టాడు. అది వెళ్ళి గోల్ స్తంభానికి తగిలి రెండు బిళ్ళలుగా విడిపోయింది. లోపల్నించి సన్నని తీగలు బయటపడ్డాయి.

సిర్కా పరుగందుకుంది. ఐసు మీద హైహీల్స్ ఎంతదూరం పోతాయి? వెల్లకిలా పడింది. కాపలావాళ్ళు రెక్క పట్టి లేపారు.

“నీ మొండితనం తెలిస్తే రెండు కర్రలు పెట్టేదాన్ని,” అంది పళ్ళు నూరుతూ.

యార్కో కర్ర వదిలేశాడు. తమ్ముడు బతికాడు! అందరి ముందే ఏడ్చేశాడు.

జనరల్ ఉల్విల తీగల్ని చూశాడు, గోల్ స్తంభాన్ని చూశాడు, చివరికి తువ్వాలు మనిషిని ఎగాదిగా చూశాడు.

“షాట్ బాగుందయ్యా,” అన్నాడు. “హెల్మెట్ లేకుండా ఐసు మీదికి దిగావు, అదొక్కటే తప్పు.”