దీపాన్ని పట్టించిన ఇడ్లీపిండి

జనవరిలో జంషెడ్‌పూర్ చలికి మనుషులే ముడుచుకుంటారు, ఇక ఇడ్లీపిండి సంగతి చెప్పాలా! అందుకే సిద్ధగోరాలో దాలమ్మ ఇంట్లో పిండికి ప్రత్యేకంగా ఒక బస ఉంది. వంటింట్లో చెక్కతలుపుల అల్మారా. అందులో రాత్రంతా అరవై క్యాండిళ్ల బల్బు వెలుగుతుంది. ఆ వేడికి తెల్లారేసరికల్లా పిండి గిన్నె మూతను నెత్తిన పెట్టుకుని కూర్చుంటుంది.

ఆ రోజు తలుపు తీసి చూస్తే బల్బు వెలుగుతూనే ఉంది. పిండి మాత్రం రాత్రి ఎక్కడుందో అక్కడే ఉంది.

దాలమ్మ బల్బు మీద చెయ్యి వేసింది. కాలలేదు. పాత బల్బయితే చెయ్యి చురుక్కుమనాలి.

"ఓసి నీ దుంప తెగ! దీన్ని కూడా మార్చీసినావేటే?" అంది కూతురితో, గొంతు తగ్గించి.

అద్దం ముందు జడ వేసుకుంటున్న ప్రసన్న నాలుక కరుచుకుంది. "నిన్న పాతది మాడిపోయిందమ్మా. ధ్యాన్ నహీ రహా, చూసుకోలేదు, చేతికందింది పెట్టేశాను."

"నీ ధ్యానం మండ! మీ నాన్నకి తెలిత్తే ఏటవుద్ది?"

సన్యాసిరావు రైల్వేలో సిగ్నల్ దీపాలు చూసిన మనిషి. పాతికేళ్లపాటు టాటానగర్ చుట్టూ పట్టాల వెంట నడిచి, నిచ్చెనలెక్కి, సిగ్నల్ స్తంభాల్లో బల్బులు మార్చాడు. కాలే బల్బులు పట్టుకునీ పట్టుకునీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. అలాంటి మనిషిని, ఎల్.ఇ.డి. సిగ్నళ్లు వచ్చాక, చివరి ఐదేళ్లూ స్టోరు గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. జీతమేమీ తగ్గలేదు. కానీ ఆ మాట ఆయనతో అన్న పూట ఆయన అన్నం ముట్టడు. ఆ ఎల్.ఇ.డి. దీపం తన గుమ్మం తొక్కకూడదని ఒట్టుపెట్టి, దొరికినన్ని పాత బల్బులు కొని, ట్రంకుపెట్టె నింపి మంచం కిందికి తోశాడు.

మూడు నెలల క్రితం ప్రసన్న ఒక్కో గదిలో ఒక్కో బల్బూ తీసి ఎల్.ఇ.డి. పెట్టేసింది. అదే పసుపు వెలుగు, అదే పాలగాజు. దాలమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. కాపురంలో ఆవిడ బాగా సాధన చేసిన విద్య అది. సన్యాసిరావు కనిపెట్టలేదు సరికదా, "మూడు నెల్లయింది, ఒక్క బల్బు మాడలేదు సూడు! పాత సరుకు పాత సరుకే!" అని పక్కింటి వెంకటరావు దగ్గర మీసం దువ్వాడు. కరెంటు బిల్లు తగ్గితే మీటరు చెడిపోయిందని ఫిర్యాదు రాశాడు. దానికి జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్నాడు.

ఆ బల్బులు బజారులో కొన్నవి కావు. కంప్యూటర్ కోర్సని చెప్పి ప్రసన్న రోజూ వెళ్తున్నది ఆదిత్యపూర్‌లో అవి తయారయ్యే చోటికే. శిక్షణ అయిపోయింది. ఈ రోజు ఉద్యోగంలో చేరాలి. తండ్రికి చెప్పడానికి మాత్రం ముహూర్తం కుదరలేదు.

"ఏటే, ఇడ్లీ ఈ రోజేనా?" అంటూ సన్యాసిరావు వంటింట్లోకే వచ్చేశాడు.

"పిండి పొంగలేదండీ."

"బల్బు ఎలుగుతుంటే ఎందుకు పొంగదు?"

చెయ్యి చాపాడు. అలవాటుకొద్దీ ఒకసారి వెనక్కి తీసుకుని, మెల్లగా ముట్టుకున్నాడు. అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఎవులు పెట్టేరిది?"

"నేనే నాన్నా."

"ఇదొక్కటేనా?"

ప్రసన్న తల దించుకుంది. ఆయన హాల్లోకి, పడకగదిలోకి, స్నానాలగదిలోకి వెళ్లి, ఒక్కో స్విచ్చీ వేసి, ఒక్కో బల్బూ తడిమి వచ్చాడు.

"అమ్మా కూతుళ్లు కలిసి నన్ను ఎర్రోణ్ణి సేసేరు. సందేళ దీపం ఎయ్యగానే నాను రోజూ దణ్ణం ఎట్టింది దీనికా!"

"దేవుడేటీ అనుకోడు లెండి. ఆయనకీ తేడా తెలీలేదు, మీకూ తెలీలేదు" అంది దాలమ్మ.

"నువ్వు నోరు ముయ్యి."

ప్రసన్న తల ఎత్తింది. "ఇంకోటి కూడా చెప్పాలి నాన్నా. నాకు ఉద్యోగమొచ్చింది. ఎల్.ఇ.డి. సిగ్నల్ దీపాలు పరీక్ష చేసే సెక్షన్. ఈ రోజే చేరాలి."

సన్యాసిరావు ముఖం నల్లబడింది. "నా సేతిలో పని లాక్కున్న దీపమది. దాని కూడు ఈ ఇంట్లో తినడానికి ఈల్లేదు. ఎళ్తానంటే ఎళ్లు. మళ్లీ ఈ గడప..."

"ఆ మాట పూర్తి సెయ్యకండి." దాలమ్మ గరిటెతో సహా అడ్డం నిలబడింది. "అనేసేక ఎనక్కి తీసుకోడం మీకు రాదు. పెళ్లయిన కాణ్ణించి సూత్తన్నాను."

ఆయన ఆగాడు. ప్రసన్న ముందుకొచ్చి ఆయన కుడిచెయ్యి అందుకుంది. ఆ రెండు వేళ్లూ పట్టుకుంది.

"వానొస్తే నువ్వు కంచం ముందునుంచి లేచెళ్లిపోయేవాడివి నాన్నా. ఎక్కడ దీపం ఆరిపోయిందో, ఎక్కడ రైలు ఆగిపోయిందో అని. నేనూ అమ్మా నీ సైకిలు చప్పుడు కోసం కూర్చునేవాళ్లం. ఈ వేళ్లకి వెన్న రాసేదాన్ని, గుర్తుందా? నీ బల్బులో ఉన్నది ఒక్క తీగ, మహా అయితే రెండు. ఎల్.ఇ.డి. సిగ్నల్లో గుప్పెడు చిన్న దీపాలుంటాయి. రెండు ఆరినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి. నీ పని లాక్కోడానికి కాదు, నీలాంటివాళ్లు వానలో కూడా కడుపునిండా తినాలనే ఇది నేర్చుకున్నాను."

ఆయన అల్మారాలోని బల్బు వైపు చూశాడు. కళ్లు చెమ్మగిల్లాయి. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం సిగ్నల్ మనిషి మాటే.

"రెండారినా ఎలుగుతాదన్నావు. బావుంది. మరి ఆ రెండూ ఆరినట్టు ఎవుడికి తెలుత్తాది? అలా ఒకటొకటే పోయి, ఓ రోజు మొత్తం ఆరిపోతేనో?"

ప్రసన్న ముఖం వెలిగింది. "అంతదాకా రానివ్వకూడదు. ముందే తెలిసేలా ఉందో లేదో చూడాలి. ఆ పరీక్షే నా పని."

"అయితే నువ్వు సంతకం ఎడితేగానీ అది బయటికెళ్లదా?"

"వెళ్లదు."

సన్యాసిరావు గిరుక్కున తిరిగి పడకగదిలోకి వెళ్లాడు. మంచం కింద ట్రంకుపెట్టె కిర్రుమంది. తిరిగొచ్చేసరికి ఒక చేతిలో ఉతికి మడతపెట్టిన పసుపుపచ్చ గుడ్డ ఉంది.

"లెన్సు తుడిసే గుడ్డ. దీపం ఎంత గొప్పదైనా అద్దం మీద దుమ్ముంటే డ్రైవరుకి సీకటే. ఈ ముక్క మీ సదువుల్లో రాసేరా?"

"రాయలేదు నాన్నా."

"అయితే రాసుకో."

రెండో చేతిలోని పాత బల్బు భార్యకు అందించాడు. "ఇది పిండికి. ఎలుగుకి కాదు."

దాలమ్మ పొంగని పిండిలో సగం తీసి దిబ్బరొట్టె వేసింది. మిగిలింది అల్మారాలోకి తోసింది. ఆయన కూతుర్ని ఆటోస్టాండు దాకా దిగబెట్టి వస్తానన్నాడు. ఆటోస్టాండు రెండు నిమిషాల దారి. ఆయన తిరిగి రావడానికి గంటన్నర పట్టింది. ఆ సాయంత్రం కూరగాయలవాడు కూడా దాలమ్మను ఆపి అడిగాడు, "మీ అమ్మాయి సంతకం లేకపోతే రైళ్లే నడవవటగా మాతాజీ?" అని. దాలమ్మ కాదనలేదు. రెండు నిమ్మకాయలు ఎక్కువ వేయించుకుంది.

చీకటిపడే వేళకు ప్రసన్న ఇల్లు చేరింది. హాల్లో లైటు లేదు. సన్యాసిరావు స్విచ్చి దగ్గరే కాచుకుని ఉన్నాడు. కూతురు గడప లోపల అడుగు పెట్టగానే లైటు వేసి, రెండు చేతులూ జోడించాడు.

"ఈసారి తెలిసే దణ్ణం ఎట్టేరా?" అంది దాలమ్మ.

"తెలిసే" అన్నాడాయన, కూతురి వైపు చూస్తూ.

దాలమ్మకు ఉన్నట్టుండి పిండి చూడాల్సిన పని గుర్తొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ అల్మారా తలుపు తీసింది. పాత బల్బు వెచ్చగా కాస్తోంది. పిండి అప్పుడే మూతను మెల్లగా పైకెత్తుతోంది.